అద్దాల బీరువాలో హ్యాండిలు

శిక్షణకి వెళ్ళకముందు మా కాలువల శాఖ పెద్ద ఇంజనీరు, ఎస్ఈ విభాకర్ గారు అందరిలాంటి మనిషే. పదకొండు దాటాక వచ్చేవారు, ఫైళ్ళు చూసేవారు, చిరాకు పడేవారు, విసుక్కుంటూనే సంతకాలు పెట్టేవారు. ఆ సంతకాల వల్ల ఎక్కడో ఒకచోట తూము లేచి నీళ్ళు పారేవి. అలాంటి మనిషిని ప్రభుత్వం పనిగట్టుకుని ఒక కొండ ఊరికి పంపించి, పెద్ద హోటల్లో కూర్చోబెట్టి, ఉత్పాదకత నేర్పించింది. అక్కడితో మా ఆయకట్టుకి చెడ్డ రోజులు మొదలయ్యాయి.

నేనెవరినో కూడా చెప్పాలి. పేరు భాస్కరం. సర్కిల్ ఆఫీసు గేటు పక్కన జిరాక్సు కొట్టు వసారాలో బల్ల వేసుకుని అర్జీలు రాస్తుంటాను. లోపలి వాళ్ళకి నేనంటే పడదు, నాకు వాళ్ళంటే అసలే పడదు. అయినా వాళ్ళకి తప్పుల్లేని తెలుగు కావలసినప్పుడు నన్నే పిలుస్తారు. శిక్షణ నుంచి తిరిగొచ్చిన ఎస్ఈ గారు పెట్టిన సభకి బ్యానరు నేనే రాశాను. 'ఉన్నత విలువ ఉద్యమం' అని రాయమన్నారు, రాశాను. అది కట్టడానికి వెళ్ళి, ఓ మూల నిలబడి మొత్తం విన్నాను.

ఎస్ఈ గారు మైకు పుచ్చుకుని, ఈ శాఖలో అందరూ రోజంతా పనిచేస్తున్నారనీ, జబ్బంతా అక్కడే ఉందనీ అన్నారు. నాకు తెలిసినంతలో ఆ ఆరోపణకి ఆధారం లేదు. అయినా కుర్చీల్లో ఉన్నవాళ్ళు నేరం ఒప్పుకున్నట్టు తలలు దించుకున్నారు.

"అధికారి అనువాడు తన అమూల్య సమయాన్ని అత్యున్నత విలువ గల కార్యములకు మాత్రమే వినియోగించవలెను," అన్నారాయన. "తక్కినవన్నీ తన దిగువవారికి అప్పగించవలెను. అప్పగింత అంటే బరువు దించుకోవడం కాదు, దిగువవారిని ఎదగనివ్వడం. అప్పగించిన పని మరల పైకి రారాదు."

ముందు ఆయన కింది ఇంజనీరు ఈఈ గారు చప్పట్లు కొట్టారు. తర్వాత డీఈ, ఆ తర్వాత ఏఈ. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ లస్కరు గురవయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. ఈ వరసలో తను ఎక్కడున్నాడో అతను ఇంకా చూసుకోలేదు.

మర్నాటికే ఉత్తర్వు వచ్చింది. ప్రతివారూ తమ పనులకి విలువ కట్టి, గొప్పవి ఉంచుకుని, మామూలువి కిందికి దించాలి. ఎవరెంత ఎదిగారో తెలియడానికి కొలమానం బల్ల. శనివారం శనివారం బల్లల తనిఖీ ఉంటుంది. బల్ల మీద కాగితం కనిపిస్తే ఆ మనిషి ఇంకా ఎదగలేదని లెక్క.

ఎస్ఈ గారు ఉంచుకున్న పని దార్శనికత. అంటే కిటికీ వైపు తిరిగి కూర్చోవడం. ఆ దార్శనికత ఎంతవరకు వచ్చిందో సమీక్షించే పని ఈఈ గారు ఉంచుకున్నారు. సమీక్షలకి ఏర్పాట్లు డీఈ గారివి. ఆ సమీక్షల ఫొటోలు తీసి బొమ్మలతో నివేదికలు తయారుచెయ్యడం ఏఈ హారికది. పాపం ఆ అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది, కాలువలు చూస్తాననుకుని వచ్చింది. గట్టు మరమ్మతులు, అంచనాలు, నీటి వంతులు, అర్జీలు, వాటికి జవాబులు, జీతాల బిల్లులు, పదవీ విరమణ చేసినవాళ్ళ మొరలు, అన్నీ మామూలు పనులుగా తేలాయి. అవన్నీ జీపులో వేసుకెళ్ళి లాకుల దగ్గరున్న గురవయ్య గదిలో దించారు.

గురవయ్య ఉద్యోగం షట్టర్లు తిప్పడం. కాలువ మీద ప్రతి తూముకీ ఇనప షట్టరు ఉంటుంది. దాన్ని లేపాలంటే హ్యాండిలు కావాలి. వంకర తిరిగిన బరువైన ఇనప హ్యాండిలది, నల్లగట్టు కాలువ మొత్తానికి ఒక్కటే. దాన్ని మరమీద తగిలించి తిప్పితేనే షట్టరు లేస్తుంది. రైతులు ఎవరికి వాళ్ళు లేపుకోకుండా లస్కరు దాన్ని భుజానేసుకుని ఇంటికి తీసుకుపోతాడు. మంచం కింద పెట్టుకుని పడుకుంటాడు. మా వైపు లస్కరు ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు కూడా హ్యాండిలు ఆ ఇంట్లో ఉంటుందా లేదా అని అడుగుతారు, దాని పరువు అంతటిది.

ఫైళ్ళ మధ్య మంచం వేసుకునే చోటు కూడా లేక గురవయ్య తర్వాతి సభలో లేచి నిలబడ్డాడు. తన కింద ఎవరూ లేరనీ, ఇవి ఎవరికి దించాలో సెలవియ్యమనీ అడిగాడు. ఉద్యమానికి అడుగు కనిపించిందేమోనని నేను సంతోషించాను. ఎస్ఈ గారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"నీ దిగువన ఎవరూ లేరని ఎవరన్నారు గురవయ్యా? నీ దిగువన ప్రజలున్నారు."

ఆ చప్పట్లు గేటు బయటికి వినిపించాయి. ఇక ఆ ప్రజల్లో ఎవరన్నది తేల్చడమే మిగిలింది. దానికి ఈఈ గారు తర్కం చెప్పారు: శాఖలో నీరు ఎలా ప్రవహిస్తుందో పనీ అలాగే ప్రవహించాలి, ఆఖరి కాలువ మీద ఆఖరి పొలం ఎవరిదో వారే అంతిమ బాధ్యులు. పటం తెచ్చి చూశారు. తుమ్మలపుంత శివారులో కౌలుకి వరి వేసిన తోట రాఘవమ్మ పేరు తేలింది. ఆమెని అడగలేదు. కిందికి దించేటప్పుడు అడగాలని ఉత్తర్వులో లేదు.

అదే సభలో మరో తీర్మానం కూడా జరిగింది. ఉద్యమానికి ఒక చిహ్నం ఉండాలన్నారు. రైతుకి శాఖ చేసే సేవ మొత్తం హ్యాండిల్లోనే ఉంది కాబట్టి దాన్ని మించిన చిహ్నం లేదని తేల్చారు. గురవయ్య భుజం మీద నుంచి దాన్ని తీసుకుని, తుప్పు గీకించి, వెండి రంగు వేయించి, ఎస్ఈ గారి గదిలో అద్దాల బీరువాలో నిలబెట్టారు. దానికి చిన్న దీపం కూడా అమర్చారు. మరి తూములు ఎలా లేపాలని గురవయ్య నసిగాడట. ఆ పని ఇప్పుడు నీది కాదు కదా, దాని గురించి నీకెందుకు బెంగ అని డీఈ గారు భుజం తట్టారట.

ఈ మాట నాకు చెప్పేటప్పుడు గురవయ్య ఖాళీ భుజం తడుముకుంటూనే ఉన్నాడు.

ఓ రోజు పొద్దున రాఘవమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. నాకు వరసకేం కాదు గానీ పిన్నీ అంటాను. గట్టి మనిషి. భర్త పోయాక కూడా కౌలు మానలేదు. ఆ ఏడు అప్పు తెచ్చి నాట్లు వేసింది. చేను పొట్ట మీదుంది. ఆ దశలో ఒక్క తడి అందకపోతే వెన్ను బయటికి రాదు, వచ్చినా గింజ లేని తాలే.

"మళ్ళు నెర్రెలిచ్చినయ్ భాస్కరం. తూము దగ్గరికి పోతే కాలవలో నిండా నీళ్ళున్నయ్, కిందికి బొట్టు దిగట్లా. గురవయ్యని అడిగితే హ్యాండిలు ఆఫీసోళ్ళు తీసుకుపోయారంటాడు. పైగా సైకిలు మీద ఏందో కాగితాల మూటలు తెచ్చి నా గుడిసెలో దించి పోతున్నాడు. అయ్యేందో నాకు తెలీదు. ముందు నీళ్ళకి అర్జీ రాయి."

రాశాను. నా బతుకులో రాసిన మంచి అర్జీల్లో అదొకటి. కాగితం చూస్తే చేను ఎండుతున్న వాసన రావాలన్నంత కసిగా రాశాను. ఆమెతో లోపలికి నేనూ వెళ్ళాను. ఈఈ గారు కాగితం ముట్టుకోలేదు. ముట్టుకుంటే బల్ల మీద పెట్టాలి, ఆ రోజు శనివారం. డీఈ గారు ఎండిపోవడం విచారకరమే గానీ విలువల పట్టికలో అది మామూలు విభాగంలోకి వస్తుందని చెప్పారు. హారిక ఒక్కతే ఆమెకి కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తన చేతిలో ఏమీ లేదమ్మా అని తల వంచుకుంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ఎస్ఈ గారు మాత్రం లేచి ఎదురొచ్చి రెండు చేతులూ జోడించారు. వెనక బీరువాలో హ్యాండిలు మెరుస్తోంది.

"అమ్మా, మీరు అర్జీదారు కాదు. ఈ శాఖకి మీరే అంతిమ బాధ్యులు. తూము లేపే సంపూర్ణ అధికారం మీకు దఖలు పరచడమైనది. అర్జీ పెట్టుకునే దశ నుంచి మీరు ఎదిగారు."

"అట్టాగయితే ఆ హ్యాండిలు ఇప్పించండయ్యా," అంది రాఘవమ్మ.

ఎస్ఈ గారి ముఖంలో నొప్పి కనిపించింది. చిహ్నానికీ పనిముట్టుకీ తేడా ఉందనీ, చిహ్నాన్ని కదపాలంటే ఉత్తర్వు కావాలనీ, ఉత్తర్వులు రాయడం మామూలు పని కాబట్టి తను చెయ్యరాదనీ వివరించారు. ఆ తర్వాత ఆమెతో ఫొటో దిగారు. ఫొటోలో రాఘవమ్మ ఆయన వైపు చూడలేదు, బీరువా వైపే చూస్తోంది.

ఎస్ఈ గారికి ఆమె ఇచ్చిన అర్జీ పద్ధతి ప్రకారం కిందికి బయల్దేరింది. ఈఈ, డీఈ, ఏఈ, గురవయ్య, అందరి చేతులూ మారింది. ఒక్కొక్కరూ 'తగు చర్య నిమిత్తం' అని రాసి దించారు. వారం తిరక్కుండానే అది తగు చర్య నిమిత్తం తోట రాఘవమ్మ గారికి చేరింది. ఆ కాలువ తవ్వినప్పటి నుంచి పైనుంచి బయల్దేరి శివారు పొలం దాకా తరుగు లేకుండా చేరింది అదొక్కటే అనుకుంటాను.

నేను వెళ్ళేసరికి ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పక్కనే గడ్డపార. షట్టరుని గడ్డపారతో ఎత్తబోయి చెయ్యి చితక్కొట్టుకుంది. అది అంగుళం కూడా కదల్లేదు. చేను వైపు చూశాను. పైభాగం ఇంకా పచ్చగా ఉంది, పల్లం వైపు ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఈ దేశంలో మనుషుల్ని ఏడిపించడానికి దుర్మార్గులే అక్కర్లేదు, శిక్షణ పొందినవాళ్ళు చాలు అనిపించింది.

గుడిసెలో కాగితాల మూటలు కప్పు దాకా ఉన్నాయి. ఏమున్నాయో చదివి చెప్పమంది. చదివాను. లాకుల మరమ్మతులు, గట్టు తెగిన ఊళ్ళ మొరలు, విరమణ చేసిన గుమాస్తా పింఛను. అడుగున, తాడు కూడా విప్పని కట్ట ఒకటి కనిపించింది. సర్కిల్లో ఎస్ఈ గారి దగ్గర నుంచి గురవయ్య దాకా అందరి జీతాల బిల్లులు. ప్రతినెలా ఒకేలా ఉండే గుమాస్తా పని కాబట్టి విలువల పట్టికలో అన్నిటికంటే అడుగున వేశారు. వాటి మీద అంతిమ బాధ్యులు సంతకం పెడితేనే ఖజానాకి వెళ్తాయి.

రాఘవమ్మ ఆ కట్టని దగ్గరికి లాక్కుంది. "ఉత్తర్వులో నాగ్గూడా ఆ మాట వర్తిస్తదా? గొప్ప పని ఉంచుకుని, తక్కినయ్ కిందికి దించాలని?"

వర్తిస్తుందని చెప్పాను. ప్రతివారూ అని స్పష్టంగా ఉంది.

"నాకు గొప్ప పని చేను తడుపుకోడం. తక్కినయ్ కిందికి దించెయ్. నా కింద నేలుంది." ఆమె జీతాల కట్ట తీసి గుడిసె మూల నేల మీద పెట్టి, పైన పిడకల గంప బోర్లించింది. ఆ తర్వాత గడ్డపార తీసుకుని మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళింది.

ఒకటో తారీఖు వచ్చింది. జీతాలు రాలేదు. రెండో తారీఖున ఎస్ఈ గారు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగారు. మూడో తారీఖు పొద్దున్నే మూడు జీపులు తుమ్మలపుంత వెళ్ళాయి. నన్ను కూడా ఎక్కించుకున్నారు, చదివి పెట్టడానికి. శాఖ పెద్దలు శివారు పొలం చూడడం అదే మొదటిసారి. జీపులు పోయేంత దారి లేదు కాబట్టి ఈఈ గారు బూట్లు చేతిలో పట్టుకుని గట్టు మీద నడిచారు. డీఈ గారు ఒకసారి జారి లేచారు. తూము కింది పంట కాలువలో నీళ్ళు లేవు కాబట్టి బట్టలకి బురద కాలేదు, దుమ్మే అంటింది.

ఎస్ఈ గారు మెల్లగా మొదలుపెట్టారు. బాధ్యత అంటే ఏమిటో, ఒక సంతకం వెనక ఎన్ని కుటుంబాలు ఉంటాయో చెప్పారు. పిల్లల ఫీజుల గురించి, ఇంటి వాయిదాల గురించి చెబుతూంటే ఆయన గొంతు నిజంగానే వణికింది. గంప పక్కన నిలబడి రాఘవమ్మ అంతా శ్రద్ధగా వింది.

"అయ్యా, మీ జీతం మామూలు పనని రాసింది మీరు. నేను రాయలా. నాకిప్పుడు గొప్ప పనుంది, అది అయ్యేదాకా ఖాళీ లేదు. ఆ హ్యాండిలు తెప్పించండి."

హ్యాండిలుకి ఉత్తర్వు కావాలని ఈఈ గారు అలవాటుగా అన్నారు. ఉత్తర్వులు రాసే పని ఎవరిదని రాఘవమ్మ అడిగింది. అధికారులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి హారిక, ఆపుకోలేక, ఆ పని మీకే దించామమ్మా అంది. ఆ అమ్మాయి నవ్వడం అప్పుడే చూశాను.

"నాకు దించి ఇన్నాళ్ళయిందా?" అంది రాఘవమ్మ. పల్లం వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. "రాయి భాస్కరం."

పిడకల గంప మీద కాగితం పెట్టి రాశాను. 'అద్దాల బీరువాలో గల హ్యాండిలును వెంటనే తూము వద్దకు చేర్చవలసినదిగా ఆదేశించడమైనది.' ఆమె సంతకం పెట్టింది. వెళ్ళిన జీపు ఎంత వేగంగా తిరిగొచ్చిందంటే, మా శాఖ జీపులు అంత వేగంగా పోగలవని నాకు అప్పటిదాకా తెలియదు. జీపు దగ్గర నుంచి హ్యాండిలుని ఎస్ఈ గారే స్వయంగా రెండు చేతులా మోసుకుంటూ గట్టు మీద వచ్చారు. ఒళ్ళంతా చెమట, చేతులకి వెండి రంగు. గురవయ్య అందుకోబోతే రాఘవమ్మ ఆపి, తనే మర మీద తగిలించింది. ఇద్దరూ కలిసి తిప్పారు. షట్టరు కీచుమంటూ లేచింది. నీళ్ళు కింది కాలువలోకి దూకాయి. అధికారులు అందరూ వాటిని వింతగా చూశారు. డీఈ గారు ఫొటో తీశారు.

పంట కాలువ నిండి నీళ్ళు మడిలోకి మళ్ళేదాకా రాఘవమ్మ గుడిసె వైపు కదల్లేదు. అంతసేపూ సర్కిల్ మొత్తం గట్టు మీద ఎండలో నిలబడింది. తర్వాతే గంప ఎత్తి సంతకాలు పెట్టింది.

ఉత్పాదకత అంటే ఏమిటో ఆ సాయంత్రం చూశాను. జీతాల బిల్లులు అత్యున్నత విలువ గల కార్యమని సవరణ ఉత్తర్వు ఆ పొద్దు గూకకముందే తయారైంది. దాన్ని ఎస్ఈ గారు తన సొంత చేతులతో రాసుకున్నారు. ఒక తూము లేవడానికి ఒక చేను సగం చావాల్సి వచ్చింది. కిందికి దించిన తక్కిన పనులేవీ పైకి పోలేదు. అప్పగించిన పని మరల పైకి రారాదు కదా. అలా హ్యాండిలు కూడా రాఘవమ్మ గుడిసెలోనే, ఆమె మంచం కిందే ఉండిపోయింది.

కోతలప్పుడు వెళ్ళాను. మెరక మీద చేను పండింది. పల్లం వైపంతా తాలు. పనలు దులిపితే ఊక లేచింది తప్ప గింజ రాలలేదు. ఆమె ఆ తాలు గుప్పెట్లో పట్టుకుని, "కౌలుకి సరిపోద్ది. నాకు మిగల్దు," అంది. ఎవరి పేరైనా ఎత్తి తిడదామంటే, తిట్టు ఎవరికి దించాలో కూడా తెలియలేదు. ఆ ఏడు వంతు ప్రకారం కాలువ మీద అందరికీ నీళ్ళు వదిలింది మాత్రం ఆమే. గురవయ్య ఆమెకి సాయం పోయేవాడు, చాటుగా.

కొద్దిరోజులకి కబురు తెలిసింది. ఉన్నత విలువ ఉద్యమానికి రాష్ట్రస్థాయి పురస్కారం. ఎస్ఈ గారి ఖాళీ బల్ల ఫొటో పేపర్లో వేశారు. రాజధానిలో ప్రదర్శన పెడుతున్నారు, అద్దాల బీరువా, దీపం ముందే లారీ ఎక్కాయి. అందులో పెట్టడానికి హ్యాండిలు కావాలి. దాన్ని ఇప్పించమని ఎస్ఈ గారు కాగితం పెట్టుకున్నారు. అది పద్ధతి ప్రకారం ఈఈ, డీఈ, ఏఈ, గురవయ్యల చేతులు మారి, తగు చర్య నిమిత్తం తుమ్మలపుంత చేరింది. రాఘవమ్మ దాన్ని తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. భుజాన హ్యాండిలు ఉంది. వెండి రంగు అప్పటికే చాలావరకు రాలిపోయింది.

నేను చదివి వినిపించాను. ఎస్ఈ గారి అర్జీలో 'వినయపూర్వకంగా' అన్న మాట రెండు చోట్ల ఉంది.

"నాలాంటోళ్ళ అర్జీలకి ఇన్నేళ్ళూ లోపల్నించి ఏమని రాసేవాళ్ళు?" అని అడిగింది.

చెప్పాను.

"అదే రాయి."

'తమరి అర్జీ పరిశీలనలో ఉన్నది,' అని రాశాను. ఆమె కింద సంతకం పెట్టి, పై ఊరి వాళ్ళ వంతు వేళ అయిందంటూ హ్యాండిలు సర్దుకుని తూము వైపు వెళ్ళిపోయింది.